జాడ చెరగిన దారులు

నెట్‌వర్కులలో సమాచారమునకు త్రోవ చూపు యంత్రములు రౌటర్లు. వాని నియమావళులు పెక్కు. 1988లో ప్రకటితమైన ‘రిప్’ మజిలీలను లెక్కించును. 15 దాటినచో గమ్యము అందదనును. 1989లో వెలువడిన ‘బీజీపీ’, దారి ఏయే నెట్‌వర్కుల మీదుగా వచ్చినదో వరుసగా తెలుపును. ఒకదాని దారులను వేరొకదానికి అప్పగించునపుడు గమ్యము నిలుచును గాని, వచ్చిన జాడ చెరగిపోవచ్చును.

జాడ చెరగిన ఫలమును మనము 1997 ఏప్రిల్ 25న చూచితిమి. అమెరికాలో 7007 సంఖ్యగల నెట్‌వర్కు నుండి పరుల దారులు తనవే యన్నట్లు, 256 చిరునామాల ముక్కలుగా వెలువడినవి. చిన్న ముక్కకు చూపిన దారినే రౌటర్లు ముందుగా ఎన్నుకొనును; కావున ఇంటర్నెట్టు సమాచారమెంతో అటు మళ్లి నష్టమైనది. ఆ రౌటరును వేరుచేసినను తప్పుదారులు గంటల కొలది నిలిచినవి.

అందుచేతనే ఇంజనీర్లు అప్పగించు దారికి గుర్తు తగిలింతురు. ఆ గుర్తుతో తిరిగివచ్చినదానిని స్వీకరింపరు.