బొడ్డు చుట్టూ సూదులు: ఒక పాత భయం, కొత్తగా కుక్కను పెంచేవారి పొరపాట్లు

చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ అపార్టుమెంట్లలో నేడు ముచ్చటపడి కుక్కపిల్లను తెచ్చుకొనే కుటుంబాలు అనేకం. మొదటిసారి పెంచేవారు చేసే పొరపాట్లలో ప్రాణాంతకమైనవి రెండు. ఇంట్లో పెరిగే పిల్లకు రేబిస్ ఎక్కడిదని దానికి టీకా వాయిదా వేయడం ఒకటి. ఆటలో అది గీరినా, పంటిగాటు పడినా, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులను తలచుకొని ఆసుపత్రికి వెళ్లకపోవడం రెండవది. ఈ భయం వెనుక పెద్ద చరిత్రే ఉంది.

1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు తన టీకా వేయించారు. బాలుడు బతికాడు. మన దేశంలో 1900లో కసౌలీలోను, 1907లో కూనూరులోను పాశ్చర్ సంస్థలు వెలిశాయి. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్, వ్యాధి సోకిన జంతువు మెదడును కార్బాలిక్ ఆమ్లంతో నిర్వీర్యం చేసి టీకా తయారుచేశారు. తరువాతి కాలంలో దానికి గొర్రె మెదడును వాడేవారు. ఆ టీకా శక్తి తక్కువ, మోతాదు ఎక్కువ. అందుకే రోజుల తరబడి, చోటు ఎక్కువగా ఉండే పొట్ట చర్మం కిందనే ఇచ్చేవారు. మెదడు కణజాలం వల్ల కొందరికి పక్షవాతం వచ్చేది. ఆనాటి భయం నిరాధారం కాదు.

అయితే 2004 డిసెంబరుతో మన దేశంలో ఆ టీకా వాడకం ముగిసింది. నేటి కణవర్ధన టీకాను భుజం కండరానికి ఇస్తారు. మొదటి మోతాదు తరువాత 3, 7, 14, 28 రోజులకు మిగిలినవి వేస్తారు. చర్మం పొరలో ఇచ్చే పద్ధతిలో పద్నాలుగో రోజుది ఉండదు. రక్తం వచ్చిన గాయానికి అదనంగా ఇమ్యునోగ్లోబులిన్ అవసరం. నారాయణగూడ ఐపీఎంలోను, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలోను ఈ చికిత్స లభిస్తుంది.

టీకా మారింది గాని, మనసులోని సూది మారలేదు. కనుక పెంపుడు కుక్క కరిచినా, గీరినా, ముందుగా సబ్బుతో, ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగండి. కారం, పసుపు, సున్నం పూయకండి. అదే రోజు వైద్యుని కలవండి. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, పశువైద్యుడు చెప్పిన గడువులో బూస్టరు, ఆపై ఏటా టీకా వేయించండి. ఇంటికి రాకముందే అది వ్యాధిగ్రస్తమైన కుక్క కాటుకు గురై ఉండవచ్చు. లక్షణాలు బయటపడడానికి వారాలు, నెలలు పడుతుంది.

మనిషిలో లక్షణాలు కనిపించాక ఈ వ్యాధికి దాదాపుగా చికిత్స లేదు. గ్లాసెడు నీళ్లు చూసి వణికే రోగిని ఒక్కసారి చూసిన వైద్యుడు ఆ దృశ్యాన్ని మరువలేడు. ఆ దుస్థితిని తప్పించే మందు నేడు మన నగరంలోనే ఉంది.