వెనుక చక్రాల బ్రేకు కథ

కోనసీమ నేల చదునైనది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో దారులు చాలావరకు కాలువగట్ల వెంబడి సాగుతాయి. ఇట్టి చోట ఎద్దుబండికి బ్రేకు అక్కర లేకపోయింది. పగ్గం బిగబడితే ఎడ్లే నిలద్రొక్కుకొని బండిని ఆపేవి. కొండసీమల సంగతి వేరు. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండదారుల రైతులు బండి బ్రేకు దిమ్మకు పాత బూటు తొడగడం చూసి, హెర్బర్ట్ ఫ్రూడ్ 1897 లో మేలైన బ్రేకు దిమ్మల తయారీకి పూనుకున్నాడని చెబుతారు.

కోనసీమలో వాలు అనుభవానికి వచ్చేది రేవు దగ్గర. సఖినేటిపల్లి రేవులో వాహనాలు గట్టు దిగి పంటు ఎక్కి, వశిష్ఠ దాటి నరసాపురం చేరడం అక్కడివారికి చిరపరిచితం. కారు ముక్కు క్రిందికి చేసి వాలుమీద నిలిచినప్పుడు, వెనుక చక్రాల మీది బరువులో కొంత ముందు చక్రాలమీదికి పోతుంది. చేతిబ్రేకు పట్టేది సామాన్యంగా వెనుక చక్రాలనే. తేలికపడిన ఆ చక్రాలు తడినేలమీద తిరగకుండానే జారిపోగలవు. చక్రం క్రింద రాయి అడ్డం పెట్టే డ్రైవరుకు భౌతికశాస్త్రం తెలియకపోయినా, చేసేది శాస్త్రసమ్మతమే.

చదును నేలమీద పరుగెడుతున్న కారుకు బ్రేకు వేసినప్పుడు కూడా బరువు ఇలాగే ముందుకు మొగ్గుతుంది. కారు గరిమనాభి నేలకు కొంత ఎత్తున ఉంటుంది. దానిని ఆపే ఘర్షణబలమో, నేలవద్ద పనిచేస్తుంది. ఈ రెంటి నడుమనున్న ఎత్తువల్లనే కారు ముందుకు వంగుతుంది. సైకిలును చేత్తో నడిపిస్తూ ముందు బ్రేకు గట్టిగా నొక్కి చూస్తే వెనుక చక్రం పైకి లేస్తుంది.

తొలినాటి మోటారు నిర్మాతలు మాత్రం చాలాకాలం బ్రేకులను వెనుక చక్రాలకే అమర్చారు. అనగా, ఆపేటప్పుడు బరువు తగ్గే చక్రాలమీదనే భారమంతా మోపారు! ముందు చక్రాలకు బ్రేకు వేస్తే బండి తలక్రిందులవుతుందని భయపడినవారు 1920 ల దాకా ఉన్నారు. 1921 లో అమెరికాలోని డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ ద్రవపీడనంతో పనిచేసే బ్రేకులు అమర్చారు. పాస్కల్ సూత్రం ప్రకారం పీడనం గొట్టాలన్నిటిలో సమానమే. కాని ఏ చక్రానికి ఎంత బలం అందాలనేది అక్కడి ముషలకపు వైశాల్యాన్నిబట్టి నిర్ణయమవుతుంది.

ఆ రోజులలో వాడుకలో ఉన్నది డ్రమ్ము బ్రేకు. 1902 లో ఫ్రాన్సులో లూయీ రెనో దీనిని రూపొందించాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. చక్రంతోపాటు తిరిగే ఒక లోహపు పళ్లెం, దానిని ఇరువైపుల నుంచి నొక్కే ప్యాడ్లు – ఇదే డిస్కు బ్రేకు. రాగితో చేసిన ఆ ప్యాడ్లు భరించరాని కీచుధ్వని చేసేవి. అర్ధశతాబ్దం తరువాత, 1953 లో, నాలుగు చక్రాలకూ డన్‌లప్ డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు ల మాన్ 24 గంటల పందెంలో గంటకు 170 కిలోమీటర్ల సగటు వేగంతో గెలిచింది. డ్రమ్ము వేడెక్కినకొద్దీ వ్యాకోచించి లోపలి పట్టీలకు దూరమవుతుంది. డిస్కు గాలిలోనే తిరుగుతుంది గనుక త్వరగా చల్లారుతుంది.

ఇక, విడిభాగాలు కొని ఇంటివద్ద కూర్చుకొనే కారు సంగతి. 1957 లో వచ్చిన లోటస్ సెవెన్ ఇట్టిది. విడిభాగాలుగా కొంటే బ్రిటనులో కొనుగోలు పన్ను ఉండేది కాదు. కాని కూర్చే విధానం ముద్రించి ఇవ్వరాదు. అందుచేత కారును విప్పే విధానం ముద్రించి ఇచ్చారనీ, కొన్నవారు దానిని చివరినుంచి మొదటికి చదువుకొనేవారనీ అంటారు. ఇట్టి కార్లకు వెనుకనున్న డ్రమ్ములు తీసి డిస్కులు బిగించుకోవడం ఔత్సాహికులకు పరిపాటి అయింది.

బిగించడం సులభమే, సమతూకం కుదర్చడం కష్టం. డ్రమ్ములో, తిరిగే దిశకు అనుకూలంగా ఉన్న పట్టీని చక్రమే మరింత లోపలికి లాగి నొక్కుతుంది. డిస్కుకు ఈ స్వయంసహాయం లేదు. అదే పీడనానికి, అదే వైశాల్యానికి డ్రమ్ము రెండు మూడు రెట్లు ఎక్కువ పనిచేయగలదు. కనుక డిస్కుకు పెద్ద ముషలకం కావాలి. ఎంత పెద్దది? చిక్కంతా ఇక్కడే.

కారు బరువు 1000 కిలోలు, ముందు వెనుకల సమానంగా ఉన్నదనుకుందాం. ఇరుసుల మధ్య దూరం 2.5 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.5 మీటరు. ఋణత్వరణం గురుత్వత్వరణంలో పదింట మూడు వంతులైతే, 60 కిలోల బరువు ముందుకు మారుతుంది. అప్పుడు ముందు 560, వెనుక 440. పదింట ఏడు వంతులైతే 140 కిలోలు మారి 640, 360 అవుతాయి. మొదటి లెక్క చూసుకొని బ్రేకు బలాన్ని 56, 44 పాళ్లలో పంచామనుకుందాం. నెమ్మదిగా ఆపినంతకాలం బ్రేకులు చక్కగా పనిచేస్తాయి. గట్టిగా ఆపవలసి వచ్చినప్పుడు వెనుక చక్రాలనుంచి 308 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. వాటి మీద ఉన్నది 360 కిలోలే. ఘర్షణగుణకం సుమారు 0.86 ఉండాలి. పొడి తారురోడ్డుమీద అది 0.8 మాత్రమే ఉంటే, వెనుక చక్రాలు బిగుసుకొని జారుతాయి. ప్రమాదమేమంటే, ఈ లోపం నిత్యపు వాడుకలో కనబడదు. ఎదుట పిల్లవాడు అడ్డం వచ్చిన క్షణాననే బయటపడుతుంది.

వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొంటే ఏమవుతుంది? తరగతిలోనే చూడవచ్చు. ఒక బొమ్మకారు వెనుక చక్రాలు తిరగకుండా కాగితం దోపి, నున్నని వాలుబల్లమీద నుంచి వదలాలి. అది గిర్రున తిరిగి వెనుకభాగం ముందుగా దిగుతుంది. ముందు చక్రాలను బిగించి వదిలితే తిన్నగా జారుతుంది. జారే చక్రానికి ప్రక్కకు పట్టు ఉండదు. అందుకనే, ఎంత గట్టిగా ఆపినా ముందు చక్రాలే మొదట బిగుసుకొనేలా పాళ్లు కుదర్చాలి.

దీనికై ఔత్సాహికులు పెడలు వద్ద తక్కెడకోలవంటి కడ్డీ అమర్చుతారు. దాని రెండు కొనలు రెండు మాస్టర్ సిలిండర్లను నొక్కుతాయి – ఒకటి ముందు బ్రేకులకు, రెండవది వెనుక బ్రేకులకు. ఆనికను జరిపితే పాళ్లు మారుతాయి. ఖాళీ మైదానంలో, బయట ఒకరు నిలబడి ఏ చక్రాలు ముందుగా ఆగినవో చూస్తూ ఉండగా, కొద్దికొద్దిగా జరపాలి. 1955 నాటి సిట్రోయెన్ డి.ఎస్. కారులో ఈ పనిని వెనుక బరువునుబట్టి ద్రవపీడనమే చేసింది. 1978 లో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ సాధనం మెర్సిడెస్ కార్లలో వచ్చింది. చక్రం బిగుసుకోబోతున్నదని గ్రహించి అది పీడనాన్ని సడలించేది.

డ్రమ్ము కారునుంచి తీసిన పాత మాస్టర్ సిలిండరును డిస్కులకు వాడేవారు మరొకటి చూడాలి. గొట్టంలో కొద్ది పీడనం నిలిపి ఉంచే కవాటం అందులో ఉండవచ్చు. దానిని తీయకపోతే ప్యాడ్లు డిస్కును రాస్తూనే ఉంటాయి. చేతిబ్రేకు మరొక తలనొప్పి. కోనసీమ రోడ్లమీద చిరకాలం తిరిగిన అంబాసిడర్‌కు తొలిరోజులలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే గనుక, చేతిబ్రేకుకు ఒక తీగ లాగితే సరిపోయేది. డిస్కుకు అదనపు యంత్రాంగం కావాలి. కొందరు నిర్మాతలు వెనుక డిస్కు నడిబొడ్డులోనే చేతిబ్రేకుకోసం చిన్న డ్రమ్మును దాచి పెట్టారు.