లింగాకర్షక బుట్టలు (బాదం తోటలు)

లింగాకర్షక బుట్టలు పంటలపై రెక్కల పురుగుల ఉనికిని, ఉధృతిని గమనించడానికి వాడే సాధనాలు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో బాదం, పిస్తా తోటలకు ప్రధాన శత్రువైన నేవెల్ ఆరెంజ్‌వర్మ్ అనే పురుగుపై నిఘాకు వీటిని ఉపయోగిస్తారు. దీని శాస్త్రీయ నామం అమైలోయిస్ ట్రాన్సిటెల్లా.

నష్టం
బాదం కాయ పైతొక్క పగిలే దశలో తల్లి పురుగు గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు పప్పును తినివేస్తాయి. తిన్న పప్పులో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు చేరితే అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం ఏర్పడవచ్చు.

పనిచేసే విధానం
ఆడ పురుగు మగ పురుగును ఆకర్షించడానికి విడుదల చేసే వాసన పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసి, జిగురు అట్ట గల బుట్టలో ఉంచుతారు. అట్టకు అంటుకున్న మగ పురుగులను కనీసం వారానికొకసారి లెక్కిస్తారు. గుడ్ల బుట్టలలో బాదం పిండి ఎరగా ఉంటుంది. వాటిపై గుడ్లు కనిపించిన తేదీ నుండి ఉష్ణోగ్రతల లెక్కతో తరువాతి తరం వచ్చే సమయాన్ని అంచనా వేస్తారు.

పరిమితులు
పురుగులు జతకట్టకుండా తోటంతటా ఇదే వాసనను వెదజల్లినపుడు మగ పురుగులు బుట్టను కనుగొనలేవు. కనుక బుట్ట ఖాళీగా ఉన్నంతమాత్రాన తోటలో పురుగు లేదని భావించరాదు. అటువంటి తోటలలో ఆడ, మగ పురుగులు రెండింటినీ ఆకర్షించే ఫినైల్ ప్రొపియోనేట్ ఎరను వాడతారు. కోత సమయంలో కాయలను పగులగొట్టి పరీక్షిస్తారు.

నివారణ
ఈ బుట్టలు నిఘాకే గాని నిర్మూలనకు కావు. శీతాకాలంలో పురుగు చెట్లపై మిగిలిన ఎండు కాయలలో తలదాచుకుంటుంది. వాటిని రాల్చి నాశనం చేయడం ముఖ్యమైన నివారణ చర్య.