చక్కెర సాక్ష్యం: పెట్-సీటీ స్కాన్ వెనుక ఉన్న చరిత్ర

1976 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్ నుండి ఫిలడెల్ఫియాకు విమానంలో కొద్దిపాటి ద్రవం చేరింది. బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో తయారైన ఆ ద్రవపు రేడియోధార్మికత దాదాపు 110 నిమిషాలకొకసారి సగానికి తగ్గిపోతుంది కనుక ఆలస్యానికి తావు లేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అబాస్ అలావి దానిని ఆరోగ్యవంతులైన ఇద్దరు వాలంటీర్లకు ఇచ్చారు. ఫ్లోరిన్-18 చేర్చిన ఫ్లోరోడీఆక్సీగ్లూకోజ్, అనగా ఎఫ్‌డీజీ, మనిషి శరీరంలో ప్రవేశించడం అదే మొదలు.

నేడు పెట్-సీటీకి వెళ్ళే రోగి చేతికి ఒక సూచనల కాగితం అందుతుంది: తినవద్దు, వ్యాయామం చేయవద్దు, సూది తరువాత కదలకుండా, మాట్లాడకుండా ఉండాలి. కారణం తెలియనివారికి ఇవి ఆసుపత్రి లాంఛనాలుగా తోచవచ్చు. కాని వీటిలో ప్రతి ఒక్కటీ ఈ పరీక్ష పుట్టిన తీరులోనే ఉంది.

వార్‌బర్గ్ చూసినది

1920లలో బెర్లిన్‌లో ఓటో వార్‌బర్గ్ కణితుల పలుచని ముక్కలను పరీక్షిస్తూ ఒక వింత గమనించాడు. ఆమ్లజని పుష్కలంగా ఉన్నప్పటికీ ఆ కణాలు గ్లూకోజును విపరీతంగా వాడుకుని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తున్నాయి. కణంలోని శ్వాసక్రియ దెబ్బతినడమే క్యాన్సరుకు మూలమని ఆయన భావించాడు. ఆ సిద్ధాంతం అదే రూపంలో నిలవలేదు. పరిశీలన మాత్రం నిలిచింది.

కణంలోకి చేరిన గ్లూకోజుకు మొదట ఒక ఫాస్ఫేట్ అతుకుతుంది. ఆ ఫాస్ఫేట్‌ను ఇచ్చేది ఏటీపీ. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, విడిగా హార్వర్డులో సైరస్ ఫిస్క్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కనుగొన్న అణువు అదే. ఫాస్ఫేట్ అతికిన సాధారణ గ్లూకోజు తరువాతి దశలకు సాగి ఖర్చవుతుంది. డీఆక్సీగ్లూకోజులో రెండవ కర్బనం వద్ద ఆమ్లజని లేదు కాబట్టి అది ముందుకు సాగలేక కణంలోనే చిక్కుకుంటుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో లూయీ సోకొలాఫ్ ఈ గుణాన్ని ఆధారం చేసుకుని జంతువుల మెదడులో ఏ భాగం ఎంత గ్లూకోజు వాడుతున్నదో కొలిచాడు. అయితే ఆయన వాడిన కర్బనం-14 కిరణాలు పుర్రె దాటి రావు. మెదడును కోసి చూడవలసిందే. మనిషిలో చూడాలంటే బయటికి కనిపించే గుర్తు కావాలి. బ్రూక్‌హేవెన్‌లో ఆల్‌ఫ్రెడ్ వుల్ఫ్, జోయానా ఫౌలర్, తాత్సువో ఇదో ఫ్లోరిన్-18తో ఆ గుర్తును తయారుచేశారు.

రెండు యంత్రాల కలయిక

1932లో కార్ల్ ఆండర్సన్ కనుగొన్న పాజిట్రాన్, ఎలక్ట్రాన్‌ను తాకగానే రెండూ నశించి, ఎదురెదురు దిశలలో రెండు గామా కిరణాలు వెలువడతాయి. ఆ రెంటినీ ఒకేసారి పట్టుకుంటే అవి పుట్టిన చోటు ఆ రెంటినీ కలిపే గీత మీదే ఎక్కడో ఉంటుంది. 1950లలో బోస్టన్‌లో గోర్డన్ బ్రౌనెల్, విలియం స్వీట్ ఈ సూత్రంతో మెదడు కణితులను వెదికారు. 1970లలో సెయింట్ లూయిస్‌లో మైకేల్ ఫెల్ప్స్, ఎడ్వర్డ్ హాఫ్‌మన్, మిషెల్ టెర్-పొగోసియన్ నేటి పెట్ యంత్రానికి రూపమిచ్చారు.

పెట్ చిత్రంలో వెలుగు కనిపిస్తుంది కాని, అది ఏ అవయవంలోనిదో కచ్చితంగా తెలియదు. 1971 అక్టోబరు 1న లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ యంత్రం తొలి రోగిని చిత్రించినప్పటి నుండి సీటీకి ఉన్న బలం సరిగ్గా అదే. డేవిడ్ టౌన్సెండ్, రొనాల్డ్ నట్ ఈ రెండింటినీ ఒకే యంత్రంగా కూర్చగా, దాని తొలి నమూనా 1998లో పిట్స్‌బర్గ్‌లో పని మొదలుపెట్టింది.

సూచనల కాగితం

ఇప్పుడు ఆ కాగితాన్ని మళ్ళీ చదవవచ్చు. సాధారణంగా పరీక్షకు ముందు 4 నుండి 6 గంటలు ఆహారం ఉండకూడదు. తింటే ఇన్సులిన్ పెరిగి ఎఫ్‌డీజీని కండరాలలోకి తోస్తుంది. రక్తంలోని అసలు గ్లూకోజు ఎఫ్‌డీజీతో పోటీ పడుతుంది. రెండు విధాలా కణితి మసకబారుతుంది. మన ఇళ్ళలో ఉపవాసమంటే పళ్ళు, పాలు, కాఫీ చెల్లుతాయి. ఇక్కడ చెల్లవు, మంచినీళ్ళు మాత్రమే. ఇంట్లో పెద్దవారిని పరీక్షకు తీసుకువెళ్ళేవారు ఈ తేడాను ముందే విడమరచి చెప్పడం అవసరం. రక్తంలో చక్కెర 200 మిల్లీగ్రాములు దాటితే చాలాచోట్ల పరీక్షను వాయిదా వేస్తారు. అందువల్ల మధుమేహం ఉన్నవారు మాత్రలను, ఇన్సులిన్‌ను తామే ఆపక, సమయం ఖరారు చేసుకునేటప్పుడే కేంద్రాన్ని అడగాలి.

ముందురోజు వ్యాయామం చేస్తే అలసిన కండరాలు ఎఫ్‌డీజీని పీల్చుకుంటాయి. సూది తరువాతి గంటలో మాట్లాడితే స్వరపేటిక, వక్కపొడి నమిలితే దవడ కండరాలు వెలుగుతాయి. మామూలు గ్లూకోజును మూత్రపిండాలు తిరిగి రక్తంలోకి పంపుతాయి. ఎఫ్‌డీజీని చాలావరకు మూత్రంలోకి వదిలేస్తాయి. నీళ్ళు బాగా తాగమనడం, స్కాన్‌కు ముందు మూత్రవిసర్జన చేయమనడం అందుకే. గర్భం ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ముందుగానే తెలపాలి. పరీక్ష తరువాత కొన్ని గంటలు పసిపిల్లలకు, గర్భిణులకు కొంత దూరంగా ఉండమంటారు.

వెచ్చగా ఉండమనే సూచనకు మరో కథ ఉంది. చలికి వణికిన రోగుల మెడ, భుజాల దగ్గర కనిపించే వెలుగును తొలినాళ్ళలో కండరాలదని అనుకున్నారు. సీటీ జతపడ్డాక అక్కడ ఉన్నది కొవ్వని తేలింది. శిశువులలోనే మిగులుతుందనుకున్న గోధుమ కొవ్వు పెద్దవారిలోనూ పనిచేస్తుందని 2009లో వెలువడిన పరిశోధనలు నిర్ధారించాయి.

వెలుగంతా వ్యాధి కాదు

ఈ చరిత్ర ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. యంత్రం క్యాన్సరును చూడదు, గ్లూకోజు ఆకలిని చూస్తుంది. మెదడుకు ఆ ఆకలి సహజం. క్షయ, సార్కాయిడోసిస్, మానుతున్న శస్త్రచికిత్స గాయం కూడా వెలుగుతాయి. కాబట్టి ఎప్పుడో నయమైన క్షయ అయినా సరే, వైద్యునికి చెప్పకుండా ఉండరాదు. మరోవైపు, ప్రోస్టేట్ క్యాన్సర్లు చాలావరకు ఎఫ్‌డీజీకి అంతగా వెలగవు. వాటికి వేరే గుర్తులు వాడతారు. చక్కెర మానేస్తే కణితి మాడిపోతుందని ఈ చిత్రాల నుండి తీసే నిర్ణయమూ సరికాదు. తినకపోయినా కాలేయం గ్లూకోజును తయారుచేస్తూనే ఉంటుంది. ఆహారం మానిన రోగి మాత్రం చికిత్సకు తట్టుకోలేనంతగా నీరసిస్తాడు.

నివేదికలోని ఒక్క మాట మీద చికిత్స మారవచ్చు, ఆగవచ్చు. ఆ మాట నిజం కావడంలో వైద్యునితో పాటు రోగికీ పాత్ర ఉంది: తాను తిన్నది, వాడిన మందు, పాత జబ్బు దాచకుండా చెప్పడం, ఒక గంట నిశ్శబ్దంగా పడుకోవడం.