సీతమ్మ గారి పొయ్యి

డొక్కా సీతమ్మ గారి గురించి రాసేవాళ్ళు ముందే 'అన్నపూర్ణ' అనేస్తారు. నాకు ఆ మాటతోనే పేచీ. దేవత అనేశాక ఇంక చేతులు కనపడవు.

1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో రైతు జోగన్న గారి ఇంటికి కోడలిగా వచ్చారు. వైనతేయ గోదావరి ఒడ్డు ఊరు. ఏటి మీద వచ్చేపోయేవాళ్ళు ఏ వేళకి గుమ్మంలోకొస్తారో తెలీదు. వేళకాని వేళ అన్నం పెట్టడమంటే? వడ్లు దంచాలి, చెరగాలి, పొయ్యి ఊదాలి, మజ్జిగ చిలకాలి, ఎంగిలాకులు ఎత్తాలి. గింజ ఇంటికొచ్చాక అన్నమయ్యేదాకా మిగిలిన సేద్యమంతా ఆడవాళ్ళదే. దంపుడుకొచ్చిన కూలి ఆడవాళ్ళ పేర్లు ఎవరు రాసిపెట్టారు?

ఆ గింజ వెనక కాలవ నీళ్ళున్నాయి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడక్టు కట్టి, కాలవని ఏటి మీదుగా నగరం వైపు దాటించారు.

ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి పిలుపొచ్చినా ఆవిడ వెళ్ళలేదని, ఫొటో మాత్రమే వెళ్ళిందని చెప్తారు. ఆ కథలో రాజు సంగతి నాకెందుకు గానీ, తను లేనప్పుడు ఎవరైనా ఆకలితో వస్తే ఎలా అని ఆగిపోవడం ఉంది చూశారూ! ఆన్‌కాల్ రోస్టర్‌లో ఏళ్ళ తరబడి ఒక్కటే పేరు.

1909లో పోయారు. గన్నవరం కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే. 2024లో బడి మధ్యాహ్న భోజనానికీ పెట్టారు. అక్కడ పొయ్యి దగ్గర నిలబడేది ఇప్పటికీ ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళకిచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు.