ఒక పేపరు, పదిమంది చదువరులు



పోయిన నెల మన గుంపులో జరిగిన గొడవ గుర్తుందిగా. మనలో ఒకరు ఒక తెలుగు పేపరుకు ఏడాది డిజిటల్ చందా కట్టి, పాస్‌వర్డు అందరికీ ఇచ్చారు. వారం తిరగకుండానే ఖాతా ఆగిపోయింది. ఎక్కువ ఫోన్లలో తెరిచారట. "డబ్బు కట్టాం, పంచుకుంటే తప్పేంటి?" అని కొందరం, "ఒకరి చందాతో ఇంతమందిమి చదవడం న్యాయమా?" అని కొందరం వాదించుకున్నాం. ఈ మాట తేలాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

పేపరు పంచుకోవడం మనకు కొత్త కాదు. ధర్మపురి టీకొట్లలో దినతంతి పేపరు ఏ పుటకు ఆ పుట విడిపోయి చేతులు మారడం మనమంతా చూసినదే. ఆ పత్రిక 1942లో మదురైలో పుట్టింది. మన తెలుగుకు వస్తే, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వచ్చింది. అదే ఏడు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు మొదటి మహాసభ జరుపుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారి శ్రమతో ఊరూరా పఠన మందిరాలు లేచాయి. చదువు రానివారికి ఒకరు పైకి చదివి వినిపించేవారు. 1935లో పాతూరి నాగభూషణంగారి చొరవతో పుస్తకాలు పడవెక్కి కాలువ గట్టు పల్లెలకూ వెళ్ళాయి.

అప్పుడు పత్రికలవాళ్ళు ఎందుకు కాదనలేదు? కాగితం ఒకటే కాబట్టి. అది ఒకరి చేతిలో ఉంటే ఇంకొకరి చేతిలో ఉండదు. పైగా పేపరును నిలబెట్టింది చందా ఒక్కటే కాదు. పంతులుగారి పత్రికకు అమృతాంజనం ఆదాయం అండగా నిలిచింది. తర్వాత పత్రికలకు ప్రకటనలే ఆధారమయ్యాయి. అమ్ముడయ్యే ప్రతుల లెక్క వేరు, చదివేవారి లెక్క వేరు. ఒక ప్రతిని పదిమంది చదివితే ప్రకటన ఇచ్చేవాడికి సంతోషమే.

ఇంటర్నెట్ వచ్చాక ఆ లెక్క తిరగబడింది. ప్రకటనల డబ్బులో పెద్ద వాటా గూగుల్, ఫేస్‌బుక్‌ల వైపు పోయింది. 2011లో న్యూయార్క్ టైమ్స్ నెలకు 20 వ్యాసాలు ఉచితం, ఆపైన చందా అంది. తర్వాత మన దేశపు పత్రికలూ ఆ దారి పట్టాయి. పాస్‌వర్డు కాగితం లాంటిది కాదు, ఒకేసారి వందమంది తెరవొచ్చు. అందుకే ఇన్ని ఫోన్లు, ఒకేసారి ఇంతమంది అని హద్దు పెట్టారు. 2020 లాక్‌డౌన్‌లో ఈ-పేపర్ల పీడీఎఫ్‌లు ఊరంతా తిరిగాయి. ఆ మే నెలలో దైనిక్ జాగరణ్ వేసిన కేసులో, అలా పంచుతున్న ఛానళ్ళను తీసేయాలని ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది.

కాబట్టి విలేకరి జీతం మన చందాలోంచే రావాలన్నది నిజం. అయితే తమిళనాడులో ఉంటున్న మన పిల్లలకు తెలుగు అక్షరం కంటపడేదే తక్కువ. చందా కట్టలేని పెద్దవాళ్ళూ మనలో ఉన్నారు. తలుపు పూర్తిగా మూస్తే వాళ్ళకు భాషే దూరమవుతుంది. ఇదీ నిజమే.

మనకు తోచినది ఇది. పాస్‌వర్డు పంచడం, పీడీఎఫ్‌లు పంపడం మానుదాం. సంస్థలకు ప్రత్యేక చందా ఇస్తారేమో పత్రికలవారిని సంఘం తరఫున అడుగుదాం. ఆదివారం పొద్దున ఒక గంట కూర్చుని, కాగితం పేపరే తెప్పించుకుని, పిల్లల చేత పైకి చదివిద్దాం. ఇంకొకటి. 1948 మద్రాసు గ్రంథాలయ చట్టం నాటికి ఆంధ్ర జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలోనివే. ఆ చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనమూ కడుతున్నాం. జిల్లా గ్రంథాలయంలో ఒక తెలుగు పేపరు వేయించమని అర్జీ పెట్టుకునే హక్కు మనకుంది.

అర్జీ మీద సంతకాలు పెట్టడానికి వచ్చే సమావేశానికి అందరూ రండి.