ఎల్గందుల ఖిల్లా: గోదావరిఖని నుంచి ఒక్కరోజు సైర్

కరీంనగర్‌కు ఆ పేరు ఎల్గందుల ఖిల్లాదార్ సయ్యద్ కరీముద్దీన్ మీదుగా వచ్చింది. 1905 దాకా జిల్లా కేంద్రం ఎల్గందులే. దఫ్తర్లు కరీంనగర్‌కు మారాక అది మానేరు ఒడ్డున ఒక పల్లెగా మిగిలింది. 2016లో పెద్దపల్లి జిల్లా ఏర్పడేదాకా గోదావరిఖని, రామగుండం కూడా కరీంనగర్ జిల్లాలోవే. అంటే ఇది మన పాత జిల్లా పుట్టిల్లు. ఆదివారం ప్లేడే దొరికితే పిల్లలకు చూపించి, రాత్రికి ఇల్లు చేరొచ్చు.

వెళ్లే దారి: రాజీవ్ రహదారి మీద కరీంనగర్ సుమారు 65 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులు ఉంటాయి. అక్కడి నుంచి సిరిసిల్ల రోడ్డు వైపు 15 కిలోమీటర్ల లోపే ఖిల్లా. ఇంటిల్లిపాది వెళ్తే ఆటోను రానూపోనూ మాట్లాడుకోవడం మంచిది.

చూడాల్సినవి: కాకతీయుల నుంచి బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, ఆసఫ్‌జాహీల దాకా అయిదు పాలనలు చూసిన కోట ఇది. కొండ మీద గుడి, మసీదు రెండూ ఉన్నాయి. తూర్పు వైపు దో మినార్‌ను 1754లో జఫరుద్దౌలా కట్టించాడు. ఊపితే ఊగే మినార్లని వీటికి పేరు. ఆ మాట విని ఎక్కి ఊపొద్దు, గోడల మీద పేర్లు చెక్కొద్దు. 270 ఏళ్లు దాటిన కట్టడం, పడితే మళ్లీ రాదు.

జాగ్రత్తలు: పైకి రాళ్ల దారి, ఎత్తు మెట్లు. మోకాళ్ల నొప్పులున్న దాదీ, నానీలకు కింది భాగం చాలు. గోడల అంచుల దగ్గర పిల్లల చెయ్యి వదలొద్దు. ఏప్రిల్, మే ఎండల్లో వద్దు. చలికాలం బాగుంటుంది.

తిండి: కోట దగ్గర భోజనం దొరుకుతుందని నమ్ముకోవద్దు. నీళ్లు ఎక్కువగా, సర్వపిండి, సకినాలు డబ్బాలో తీసుకెళ్లాలి. బగారా అన్నం కట్టుకుంటే మధ్యాహ్నం లోపే తినేయాలి. బిర్యానీ, ఇరానీ చాయ్ కావాలంటే కరీంనగర్‌లో ఆగాలి. తెలియని హోటల్ అయితే హలాలో కాదో ముందే అడగాలి.

తిరుగు దారిలో: సాయంత్రం లోయర్ మానేరు డ్యామ్ కట్ట మీద చల్లగా ఉంటుంది. కరీంనగర్ వెండి తీగ పనికి జీఐ గుర్తింపు ఉంది. అత్తర్‌దాన్లు, పాన్‌దాన్లు చూడముచ్చటగా ఉంటాయి. కొంటే తూకం, మజూరీ వేర్వేరుగా అడిగి రసీదు తీసుకోవాలి. మరుసటి రోజు ఫస్ట్ షిఫ్ట్ ఉన్నవారు చీకటి పడేలోపే బస్సెక్కడం మేలు.